కొండకింది పొలానికి జేసీబీ పెట్టొద్దు నాయనా

చి. సుధాకర్‌కు,

పెద్దనాయన ఆశీస్సులు. లంకమల కింద ఉన్న పొలం నీ పేరు మీదికి మారిందని, జేసీబీతో చదును చేయించి మొత్తం ఎర్రచందనం మొక్కలు నాటించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తొందరపడొద్దు. ఆ భూమిలో అడవి ఇంకా బతికే ఉంది. ఏళ్ల తరబడి కట్టెలకు కొట్టినా, జీవాలు మేసినా బిల్లుడు, చిరిమాను, తునికి, ఎర్రచందనం చెట్లు పాత మొద్దుల నుంచి వానలకు మళ్లీ పిలకలు వేస్తూనే ఉన్నాయి. నర్సరీ మొక్కకు జానెడు వేరు కూడా ఉండదు. ఆ మొద్దుల వేర్లు బండల సందుల్లోకి ఎప్పుడో దిగిపోయాయి. మన కడప ఎండలకు ఏది తట్టుకుంటుందో నువ్వే చెప్పు. జేసీబీ వస్తే ముందు పెకలించేది ఆ వేర్లనే.

ముందు కాగితాల పని చూసుకో. పక్కనే రిజర్వు ఫారెస్టు ఉంది కాబట్టి రెవెన్యూ వాళ్లు, ఫారెస్టు వాళ్లు ఇద్దరూ ఉండగా సర్వే చేయించి హద్దు రాళ్లు పాతించు. చందనం చెట్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదాని చుట్టుకొలత ఎంతో రాసి, ఫొటోలు తీసి పెట్టుకో. పట్టా భూమిలో పెరిగినదైనా సరే, అనుమతి లేకుండా చందనం కొట్టకూడదు, కొట్టినా పర్మిట్ లేకుండా కదపకూడదు. మిగతా చెట్లకు కూడా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, రేంజ్ ఆఫీసులో అడగకుండా గొడ్డలి పట్టొద్దు. చందనాన్ని విదేశాలకు అమ్మడం మీద 1995 నుంచి సైటీస్ నియంత్రణ ఉంది, అంటే అరుదైన జీవజాతుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం. పైగా చందనం చేవ పట్టాలంటే దశాబ్దాలు పడుతుంది. ఆ డబ్బు చూసుకుని అప్పు మాత్రం చేయొద్దు.

ఇక అసలు పని. ఒక్కో మొద్దుకు ఎనిమిదో పదో పిలకలు గుంపుగా వచ్చి ఉంటాయి. అన్నీ వదిలేస్తే ఒకదానితో ఒకటి పోటీపడి అన్నీ పుల్లల్లాగే మిగిలిపోతాయి. మొదటి ఏడాది రెండు మూడు ఉంచి మిగతావి తీసెయ్యి. ఆ తర్వాత వాటిలో బాగున్నది ఒక్కటి ఉంచు. ఎంచేటప్పుడు కూర్చుని మొదలు చూడాలి. మొద్దు పైఅంచున పుట్టిన పిలక ఎంత నిటారుగా ఉన్నా పెద్దగాలికి ఊడి వస్తుంది. నేలను ఆనుకుని పుట్టినదైతే సొంతంగా వేరు పట్టి నిలబడుతుంది. కత్తి పదునుగా ఉండాలి, బెరడు చీలకూడదు, కోత కాస్త ఏటవాలుగా ఉండాలి, లేకపోతే నీళ్లు నిలిచి మొద్దు కుళ్లుతుంది. ఈ పనంతా చలికాలంలో, కొత్త చిగురు రాకముందే అయిపోవాలి.

రేపు పెద్ద చెట్లలో కొన్ని తీయాల్సి వచ్చినప్పుడు కూలీలు నిటారుగా ఉన్నవాటినే ముందు చూపిస్తారు, ధర వచ్చేది వాటికే. ఒప్పుకోవద్దు. వంకరవి, తెగులు పట్టినవి తీయించి, మంచివాటిని విత్తనానికి ఉంచు. తొర్రలున్న ఎండు మాను ఒకటో రెండో కూడా ఉండనీ. గుడ్లగూబలు, చిలకలు వాటిలోనే కాపురం ఉంటాయి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ మంటల గురించే. పెద్ద చెట్టు కాస్త తట్టుకుంటుంది కానీ పిలకలు, విత్తనపు మొలకలు ఒక్క మంటతో పోతాయి. జనవరిలోపల హద్దు చుట్టూ పది అడుగుల వెడల్పున గడ్డి, ఆకులు చెక్కించు. మార్చి, ఏప్రిల్‌లో మళ్లీ ఆకు రాలుతుంది, మళ్లీ ఊడ్పించాలి. గొర్రెల కాపర్లతో గొడవ పెట్టుకోవద్దు. మూడు నాలుగేళ్లు జీవాలను తోలొద్దని, కావాలంటే గడ్డి కోసుకుపొమ్మని మర్యాదగా చెప్పు. నిప్పు కనబడితే ముందు పరిగెత్తుకొచ్చేది వాళ్లే.

వంక వైపు లాంటానా అనే కలుపు పొద కమ్ముకుంది. పైపైన నరికితే రెట్టింపు వస్తుంది. నేలలోపల రెండు మూడు అంగుళాల కింద వేరు దగ్గర కోసి, తలకిందులుగా పడేయించు, కాయ పండకముందే. ఒకేసారి అంతా తీస్తే వాలులో మట్టి కొట్టుకుపోతుంది. ఏడాదికి కొంత చాలు, ఖాళీ అయిన చోట ఉసిరి, కానుగ గింజలు వేయించు.

తూర్పున కలివి, రేగు పొదలున్న చోటు చూసి బీడు అనుకుంటావేమో. దాన్ని అలాగే వదిలెయ్యి, అక్కడ చెట్లు కూడా నాటొద్దు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది మన లంకమల కింది ఇలాంటి పొదల్లోనే. రాత్రిపూట తిరిగే ఆ పిట్టకు పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల కావాలి. దాన్ని దున్నినా పాడే, దట్టంగా చెట్లు పెంచినా పాడే.

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తన సొంత భూమి 70 ఎకరాలను అడవిగా నిలబెట్టారు. సెలవు దొరికితే ఒకసారి వెళ్లి చూసి రా. నీకు నా మాటల కన్నా అదే బాగా అర్థమవుతుంది.

సర్వేకు అర్జీ ఈ వారమే పెట్టు, వాళ్లు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. సంక్రాంతికి రెండు రోజులు ముందుగా వస్తే మొద్దుల దగ్గర పిలకలు ఎలా ఎంచాలో నేనే పక్కనుండి చూపిస్తాను. చెప్పుల్లో కాదు, బూట్లేసుకుని రా.

ఇట్లు,
మీ పెద్దనాయన