ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్‌ని అయ్యాను.. నా విలువలేవో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది పూర్తయింది. మా బ్రాంచికి నన్ను స్టూడెంట్ ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్‌గా పెట్టారు. ‘లీడర్‌గా మీ విలువలేంటి?’ అని ఇంటర్వ్యూల్లో అడుగుతారట. నెట్‌లో చూసి నిజాయతీ, టీమ్‌వర్క్, సమానత్వం అని రాసుకున్నాను. కానీ అవి నిజంగా నావేనా అని అనుమానం. ఇంకో టెన్షన్ కూడా ఉంది. నా రూమ్మేట్‌కి ఒక బ్యాక్‌లాగ్ (ఇంకా పాసవ్వని సబ్జెక్టు) ఉంది. కంపెనీకి పంపే లిస్టులో తన పేరు పక్కన సున్నా వేయమని బతిమాలుతోంది.
- ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ముందు రూమ్మేట్ సంగతి చూద్దాం. దాని దగ్గర మీరేం చేస్తారో తేలితే మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఎక్సెల్ షీట్‌లో ఒకటి తీసేసి సున్నా కొట్టడం క్షణంలో పని. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో మార్కుల మెమోలు చూస్తే ఆ ఉద్యోగం పోతుంది, కాలేజీ పంపే లిస్టుల మీద కంపెనీకి నమ్మకం పోతుంది. బయటపడకపోయినా తప్పు తప్పే. అదే షీట్‌లో తమ బ్యాక్‌లాగ్‌ని ఉన్నదున్నట్టు రాసినవాళ్లూ ఉంటారు. కోఆర్డినేటర్‌తో స్నేహం లేకపోవడం వల్ల వాళ్లు మాత్రమే ఆగిపోతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అందుకే ‘వేయలేను’ అని ఆమెకు సూటిగా చెప్పండి. ‘సార్ ఒప్పుకోరు’ అంటూ వేరేవాళ్ల మీదికి నెట్టకండి. అలా నెడితే రేపు సార్ ఊళ్లో లేనప్పుడు మళ్లీ అడుగుతుంది. కాదన్నాక అక్కడితో వదిలేయకుండా పక్కన కూర్చోండి. కోర్సు అయ్యేలోపు క్లియర్ చేయాలన్న షరతుతో ఒక బ్యాక్‌లాగ్‌ని అనుమతించే కంపెనీలు కూడా ఉంటాయి. అలాంటివి ఏవేవి వస్తున్నాయో వెతికిపెట్టండి. సప్లిమెంటరీకి ఆ సబ్జెక్టు చదివించండి. కొన్నాళ్లు ముభావంగా ఉంటుందేమో, ఓర్చుకోండి.

ఇక విలువల సంగతి. రాసుకున్న ఆ మూడు మాటల్ని పక్కన పెట్టి, ఒక నోట్‌బుక్‌లో సంఘటనలు రాయండి. మీకు సంబంధం లేకపోయినా వేరేవాళ్ల కోసం కోపం వచ్చిన సందర్భం ఏది? మార్కులో, డబ్బో, స్నేహమో పోతుందని తెలిసినా వెనక్కి తగ్గని సందర్భం ఏది? చేసి, ఇంట్లో చెప్పుకోలేకపోయింది ఏది? నాలుగైదు రాస్తే ఏది పదేపదే వస్తోందో మీకే కనిపిస్తుంది. ఉదాహరణకు మినీ ప్రాజెక్టులో ఏ పనీ చేయనివాళ్ల పేర్లు కూడా రిపోర్టులో పెట్టారనుకుందాం. అది టీమ్‌వర్క్ కాదు, గొడవంటే భయం. ఇలాంటిది తెలుసుకోవడం కష్టంగా ఉంటుంది కానీ చాలా అవసరం. ఎందుకంటే రేపు మిమ్మల్ని తడబడేలా చేసేది ఆ భయమే.

తేలిన విలువని ఎదుటివాళ్లు సరిచూసుకోగలిగే పద్ధతిగా మార్చండి. సమానత్వమే మీది అనుకుంటే, కంపెనీ నోటిఫికేషన్ రాగానే దగ్గరివాళ్లకు ముందు చెప్పకుండా, అందరికీ ఒకేసారి గ్రూపులో పెట్టాలి. గడువు దాటాక ఎవరి పేరూ చేర్చకూడదు, మీ పేరైనా సరే. పంపేముందు ఎవరి వివరాలు వాళ్లకు చూపించి సరే అనిపించుకోవాలి. ఇవన్నీ మొదటి మీటింగ్‌లోనే చెప్పేయండి. ఎవరో వచ్చి అడిగిన రోజున చెబితే వాళ్ల కోసమే పెట్టిన రూల్ అనుకుంటారు. ఇంకో మాట. ఆ లిస్టులో మీ పేరూ ఉంటుంది, సమాచారం మీకే ముందు తెలుస్తుంది. అందరికంటే రెండు రోజులు ముందుగా ప్రిపేర్ అవ్వాలన్న ఆశ కలుగుతుంది. అసలు పరీక్ష అక్కడుంది.

ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గురించి చదవండి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కాగితాల్లో మిగిలిపోకుండా, వెట్టిలో ఉన్నవాళ్లను విడిపించడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంతో కష్టపడ్డారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. ఆయన విలువలేవో ఆ పనుల్లోనే తెలిసిపోతాయి. మీకు సివిల్స్ ఆలోచన ఉంటే, మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది. దాని కేస్ స్టడీల్లో మీ రూమ్మేట్ సమస్యలాంటివే అడుగుతారు.

ఇంటర్వ్యూలో మాత్రం విలువల పేర్లు వల్లించకండి. జరిగింది ఒకటి చెప్పండి. ఏం అడిగారు, మీరేం చేశారు, దానివల్ల మీకేం పోయింది.. రెండు నిమిషాలు చాలు. రూమ్మేట్ కథే చెప్పాలనిపిస్తే గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా చెప్పండి. బ్యాక్‌లాగ్ క్లియర్ చేసుకుని తనూ అదే కంపెనీకి అప్లై చేయొచ్చు.