వాడి మామూలు ఏమిటో ముందు రాసిపెట్టు

అమ్మలూ,

బాబుకి తుంటి ఆపరేషన్ తేదీ ఖాయమైందని ఫోన్‌లో చెబుతూ మధ్యలో ఆగిపోయావు. "వాడికి మాటలు రావు కదా పెద్దమ్మా, అక్కడ వాడి బాధ ఎవరికి అర్థమవుతుంది?" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. ఫోన్‌లో గబగబా చెబితే నీకు సగం కూడా గుర్తుండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మీ ఆయనతో కూడా చదివించు.

మా వాడికి పన్నెండేళ్లప్పుడు ఇదే ఆపరేషన్ అయింది. రెండో రోజు రాత్రి వాడు ఎడమ మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా బిగదీస్తున్నాడు, నుదుటి నిండా చెమట. నర్సును పిలిస్తే వచ్చి చూసి, "ఇలాంటి పిల్లలు ఇంతే కదమ్మా, బిగుసుకుంటూ ఉంటారు" అని వెళ్లిపోయింది. మళ్లీ పిలిస్తే, డాక్టర్‌ని అడిగి నిద్రమందు రాయిస్తానంది. మా వాడు మణికట్టు కొరికేది నొప్పి ఉన్నప్పుడే. కోపం వస్తే కొరకడు, తల అటు తిప్పేసుకుంటాడు. ఆ సంగతి ఆ వార్డు మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. నేనేమో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. చివరికి దుప్పటి ఎత్తి చూశాను. యూరిన్ పైపు పిండికట్టుకీ పరుపుకీ మధ్య నలిగి మడతపడి ఉంది. సంచిలో సాయంత్రం ఎంత ఉందో అంతే ఉంది. నర్సును పిలిచి చూపించాను. ఆమె పైపు సరిచేయగానే సంచి నిండటం మొదలైంది. పావుగంటలో వాడి చెయ్యి నోట్లోంచి బయటికొచ్చింది.

ఆ నర్సు చెడ్డది కాదు. వాడు మామూలుగా ఎలా ఉంటాడో ఆమెకు తెలియదు, అంతే. కొత్తగా వచ్చిన బాధను పాత వైకల్యం ఖాతాలో వేసేయడం ఎంత మామూలైపోయిందంటే, దానికి డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అని వైద్యంలో ఒక పేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వాళ్లలో కొందరు మిగతావాళ్లకంటే 20 ఏళ్ల దాకా ముందే చనిపోతున్నారనీ, దానికి వైకల్యం ఒక్కటే కారణం కాదనీ అందులో రాశారు. వైద్యం దగ్గర ఎదురయ్యే అడ్డంకులు కూడా కారణమే. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. బాబు మామూలు ఏమిటో ఆస్పత్రికి తెలిసేలా చేయడం నీ మొదటి పని అని చెప్పడానికే ఇదంతా.

దానికి ఒకే ఒక్క కాగితం రాయి. బ్రిటన్‌లో ఇలాంటిదాన్ని హాస్పిటల్ పాస్‌పోర్ట్ అంటారు. పేరు ఏదైనా, ఒక పేజీ దాటనివ్వకు. నైట్ డ్యూటీ మనిషికి అర నిమిషంలో చదవడం అయిపోవాలి. పైన ఎర్ర ఇంకుతో పడని మందులు రాయి. దాని కిందే వాడు "అవును" ఎలా అంటాడు, "వద్దు" ఎలా అంటాడు. నొప్పి వస్తే ఏం చేస్తాడు, భయం వేస్తే ఏం చేస్తాడు, దేనికి ఊరుకుంటాడు. ఫిట్స్ వస్తే చూడటానికి ఎలా ఉంటాయి, మామూలుగా ఎంతసేపట్లో తగ్గుతాయి, ఎంతసేపు దాటితే ఏ మందు వేయమని మీ డాక్టర్ చెప్పారు. ఎలా కూర్చోబెట్టి తినిపిస్తారు, పల్చటివి మింగగలడా లేడా. పడుకోబెట్టి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న ముక్క మాత్రం పెద్ద అక్షరాలతో రాయి. జబ్బు పేర్లన్నీ కేస్ షీట్‌లో ఎలాగూ ఉంటాయి, వాటితో ఈ కాగితం నింపకు. మూడు కాపీలు తీయించు. ఒకటి ఫైల్లో పెట్టించు, ఒకటి మంచం తలవైపు అంటించమను, ఒకటి నీ దగ్గర ఉంచుకో.

ఇంకో పని ఈరోజే చెయ్యి. వాడు హుషారుగా ఉన్నప్పుడు అర నిమిషం వీడియో తీసి పెట్టుకో. నవ్వుతూ, చూపుతో నిన్ను వెతుక్కుంటూ, చేతులు ఆడిస్తూ ఉన్నది. ఆపరేషన్ తర్వాత వాడు మందంగా పడుంటే, కొత్త డాక్టర్ "వీడు ఎప్పుడూ ఇలాగే ఉంటాడా?" అని అడుగుతాడు. అప్పుడు ఆ వీడియో చూపించు. నువ్వు పది నిమిషాలు చెప్పేదానికంటే అది బాగా చెబుతుంది.

నొప్పి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మనల్ని ఎక్కువగా ఏడిపించేది అదే కనుక. మాట్లాడగలిగేవాళ్లని "పదికి ఎంత నొప్పి?" అని అడుగుతారు. మాట్లాడలేని పిల్లలకి ఫ్లాక్ అనే కొలత ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసి కలుపుతారు. అయితే బాబు కాళ్లు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి కదా, మామూలు లెక్కలో వాడికి లేని నొప్పి కనిపించవచ్చు, ఉన్న నొప్పి కనిపించకపోనూ వచ్చు. అందుకే ఇలాంటి పిల్లల కోసం దాన్ని మార్చి, ఆ బిడ్డకే ప్రత్యేకమైన గుర్తులు తల్లిదండ్రులు చేర్చేలా చేశారు. దాన్ని రివైజ్డ్ ఫ్లాక్ అంటారు. వార్డు సిస్టర్‌ని ఆ పేరుతోనే అడుగు. కాగితంలో నువ్వు రాసిన గుర్తులు అక్కడ పనికొస్తాయి. కండరాలు పట్టేసే నొప్పి వేరు, కోత నొప్పి వేరు. వాటికిచ్చే మందులూ వేరు. ఏది అనిపిస్తోందో నువ్వు చెప్పాల్సి ఉంటుంది.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ని తప్పకుండా కలువు. ఉదయం ఏమీ తినిపించొద్దంటారు సరే, మరి ఫిట్స్ మందు సంగతేంటి? ఏ మందు కొంచెం నీళ్లతో వేయొచ్చో, ఏ టైముకి వేయాలో ఆయన చేతే రాయించుకో. కండరాల బిగుతుకి వాడు బాక్లోఫెన్ వాడుతున్నాడన్నావు. దాన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. ఆ మాట నువ్వే ఎత్తు, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకోకు. వాడికి మత్తు ఎక్కేదాకా నువ్వు పక్కన ఉండొచ్చా, మెలకువ వచ్చే గదిలోకి నిన్ను రానిస్తారా అని కూడా ముందే అడుగు. వాడు కళ్లు తెరవగానే కనిపించాల్సింది నువ్వు. వాడు చూపించి సంగతి చెప్పే బొమ్మల బోర్డు కూడా అప్పుడే చేతికి అందేలా ఉండాలి. కళ్లజోడు, బోర్డు, ట్యాబ్ ఛార్జర్, అన్నిటి మీదా పేరు అంటించు. వార్డు మారినప్పుడు పోయేవి ఇవే.

డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చినప్పుడు నీతోనే మాట్లాడతారు. "వాడికి వినిపిస్తుంది డాక్టర్ గారూ, వాడితో చెప్పండి" అను. తొమ్మిదేళ్లవాడు, తన కాలికి ఏం చేయబోతున్నారో వాడు వినాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి చేసిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో, అందరికీ అందే నాణ్యతతోనే వీళ్లకూ వైద్యం అందాలని 25వ అధికరణంలో రాసి ఉంది. మనం అడుగుతున్నది మెహర్బానీ కాదన్న సంగతి మనసులో ఉంటే గొంతు వణకదు.

ఎప్పుడైనా వాడిలో తేడా కనిపించి, ఎవరూ పట్టించుకోకపోతే, అరవకు, ఏడవకు. "ఇది వాడి మామూలు కాదు, నాకు భయంగా ఉంది, డాక్టర్ వచ్చి చూడాలి" అని ఇదే వరసలో చెప్పు. చెప్పిన టైము రాసుకో. అరగంట దాకా ఆగకుండా వార్డు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లు. ఊపిరి ఆడనట్టుంటే, పెదాలు నల్లబడుతుంటే అక్కడే నిలబడి గట్టిగా పిలువు, అప్పుడు మర్యాదలు చూడకు.

ఇక నీ సంగతి. తల్లి పక్కన ఉంది కదా అని వార్డు పనంతా నీ మీదే పడుతుంది. అన్నీ నేనే చేస్తానని నేను మొదటి రోజే ఒప్పుకున్నాను. నాలుగో రోజుకి మందు సీసా మీద పేరు కనపడలేదు నాకు, నిద్రలేక. నువ్వు అలా చేయకు. చేరిన రోజే సిస్టర్‌తో కూర్చుని, తినిపించడం నేను చేస్తాను, మందులు మీరు వేయండి, పక్క మార్చడానికి ఇద్దరు కావాలి అని తేల్చుకో. పిండికట్టుతో వాడిని ఒక్కదానివే ఎత్తావంటే నీ నడుము పోతుంది, తర్వాత వాడిని ఎవరు చూస్తారు? వాడిని జరపడానికి జారుడు షీట్ కానీ, ఎత్తడానికి లిఫ్ట్ యంత్రం కానీ ఉందేమో అడుగు. మీ ఆయనా నువ్వూ రాత్రుళ్లు వంతులు వేసుకోండి. వంతు మారేటప్పుడు ఏ మందు ఎప్పుడు పడింది, ఎంత తాగాడు, యూరిన్ ఎంత వచ్చింది అన్నది ఒక చిన్న పుస్తకంలో రాసి చేతిలో పెట్టండి.

మడమలు, నడుము కింద, తల వెనక, కట్టు అంచులు రోజూ చూడు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కినా రంగు మారకపోతే అది పుండుకి మొదలు, వెంటనే చెప్పు. ఎన్ని గంటలకోసారి పక్క మార్చాలో నర్సుల్ని అడిగి ఆ పుస్తకంలోనే రాసుకో.

డిశ్చార్జ్ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది, కానీ తొందరపడకు. కట్టుతో వాడు వీల్‌చైర్‌లో ఇముడుతాడా, కారులో ఎలా పడుకోబెట్టాలి, టాయిలెట్ ఎలా, ఇవి ఫిజియోథెరపిస్ట్ చూపించాలి. ఆమె చేస్తుంటే చూడటం చాలదు, ఆమె ముందు నువ్వూ మీ ఆయనా ఒకసారి చేసి చూపించండి. పాత మందులూ కొత్త మందులూ కలిపి ఒకే జాబితా అడుగు, ఏవి ఆపేశారో అందులో ఉండాలి. రాత్రి జ్వరం వస్తే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో రాయించుకోకుండా వార్డు దాటకు.

ఆపరేషన్ అయిన రెండో రాత్రి నేను కూర్చుంటాను, మీరిద్దరూ ఇంటికెళ్లి పడుకోండి. ఈ ఆదివారం వస్తాను. నువ్వు రాసిన కాగితం నాకివ్వు, నేను దాన్ని చూసి వాడితో గంటసేపు గడుపుతాను. వాడు నాతో ఏమన్నాడో నాకు అర్థం కాకపోతే, కాగితంలో ఏదో తక్కువైనట్టే. అప్పుడు మళ్లీ కూర్చుని రాద్దాం.

మీ పెద్దమ్మ