బీకాం తర్వాత హెచ్‌ఆర్ ఉద్యోగం: చిన్న కంపెనీలో చేరితే ఎదుగుదల ఉంటుందా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బీకాం పూర్తి చేసింది. రుషికొండలో అరవై మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌గా ఉద్యోగం వచ్చింది. కంపెనీ పెరుగుతోందని, ఇక్కడే ఉంటే మేనేజర్ అవుతావని చెప్పారట. కోడింగ్ రాని పిల్లకి అక్కడ పదేళ్ల తర్వాతైనా విలువ ఉంటుందా? చేరమనాలా, పీజీ చదివించాలా? – ఓ తల్లి

జవాబు: చేరమనండమ్మా. అయితే చేరేముందు ఒక్క సంగతి అడిగి తెలుసుకోమనండి. జీతాల పని తన చేతికి వస్తుందా, లేక రోజంతా రెజ్యూమెలు వెతికి ఫోన్లు చేయడమేనా? రెండోదే అయితే మూడేళ్లకి కూడా ఆమె నేర్చుకున్న పని పెద్దగా ఉండదు. బీకాం చదివిన పిల్లకి జీతాల లెక్క సహజంగా అబ్బుతుంది, హెచ్‌ఆర్‌లో గట్టి పునాది కూడా అదే.

ఉదాహరణకి ఏడాదికి 6 లక్షల సీటీసీ (ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఆఫర్ చూడండి. అభ్యర్థి నెలకి 50,000 అనుకుని చేరతాడు. బేసిక్ (మూల జీతం) సగం, అంటే 3 లక్షలు. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం 36,000. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) కింద 4.81 శాతం 14,430. ఈ రెండూ సీటీసీలోనే కలిపి ఉంటాయి. తీసేస్తే నెలకి సుమారు 45,800 మిగులుతుంది. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 42,600 దరిదాపు. ఆదాయపు పన్ను ఉంటే అది వేరు. ఈ లెక్క ఆఫర్ ఇచ్చే రోజే కాగితం మీద చూపించాలి. చూపించకపోతే మొదటి జీతం పడ్డ రోజే గొడవ మొదలవుతుంది, ఆ తర్వాత హెచ్‌ఆర్ ఏం చెప్పినా అతను నమ్మడు.

పీఎఫ్ మరుసటి నెల 15లోగా కట్టాలి. ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ యూఏఎన్‌ (ఉద్యోగి పీఎఫ్ ఖాతా నంబరు) వివరాలతో సరిపోలాయో లేదో చేరిన వారంలోనే చూడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత పీఎఫ్ డబ్బు ఆగిపోవచ్చు. మానేసినవాళ్ల ఎగ్జిట్ తేదీ నమోదు చేయడం మరిచిపోవడం ఇంకో మామూలు పొరపాటు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. నలభై అయిదు రోజులు ఆపే పాత అలవాటు ఇక కుదరదు.

ఇక ఎదుగుదల గురించి. అరవై మంది ఉన్నప్పుడు ఎవరి జీతం ఎందుకంతో యజమానికి గుర్తుంటుంది. రెండొందలు దాటాక ఉండదు. తొందరలో తీసుకున్న కొత్తవాళ్లకి అయిదేళ్లుగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువ ఇచ్చేస్తారు. అది ఎలాగూ బయటపడుతుంది, మంచి పాతవాళ్లు ముందు వెళ్లిపోతారు. దానికి విరుగుడు పనిని బట్టి గ్రేడ్‌లు, ప్రతి గ్రేడ్‌కీ కనిష్ఠ, గరిష్ఠ జీతం ముందే రాసిపెట్టుకోవడం. దీన్ని నూరు మంది దగ్గరే మొదలుపెట్టించగలిగిన హెచ్‌ఆర్‌కి, కోడింగ్ రాకపోయినా, మీరడిగిన విలువ వస్తుంది. విశాఖలో ఇంకో చిక్కు ఉంది. ఆఫర్ తీసుకున్నవాళ్లు పాత కంపెనీలో మూడు నెలల నోటీసులో ఉండగానే హైదరాబాద్, బెంగళూరు నుంచి పెద్ద ఆఫర్ వచ్చి చేజారిపోతారు. వారానికోసారి మాట్లాడటం, కాబోయే టీమ్ లీడ్‌తో ఒకసారి కూర్చోబెట్టడం వల్ల కొందరైనా నిలుస్తారు.

పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ తప్పనిసరి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరుండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ అమ్మాయి చేరబోయే కంపెనీలో ఈ కమిటీ ఉందో లేదో అడగమనండి. జవాబు కోసం తడుముకుంటే ఆ యాజమాన్యం హెచ్‌ఆర్ మాటకి ఎంత విలువిస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

ఒకేచోట ఎన్నేళ్లున్నా తప్పు లేదు, పని మారుతున్నంతవరకు. మొదట జీతాలు, తర్వాత నియామకాలు, ఆపైన జీతాల పెంపు బడ్జెట్, మేనేజర్ల మధ్య తగువులు. రెండేళ్లకోసారి చూసుకోమనండి. హోదా పెరిగి పని అదే ఉంటే, బయటికెళ్లినప్పుడు ఆ హోదాకి ఎవరూ జీతం ఇవ్వరు.

పీజీ మానొద్దు. పెద్ద కంపెనీలు మేనేజర్ స్థాయికి పీజీ అడుగుతాయి. ఏడాది, రెండేళ్లు జీతాల పని నేర్చుకుని, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్ఆర్ఎం (హెచ్‌ఆర్‌లో పీజీ) గానీ, ఐసెట్ రాసి ఎంబీఏ గానీ చేస్తే తరగతిలో చెప్పే ప్రతి చట్టం వెనుకా ఆమెకి ఒక జీతం చీటీ గుర్తొస్తుంది. చేరే కంపెనీలో జీతాల పని ఇవ్వమని తేల్చేస్తే మాత్రం, వచ్చే ప్రవేశ పరీక్షకే కూర్చోబెట్టండి.