పడని గోల్స్ గురించి ఒక లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. గ్రీస్‌ను యూరప్ ఫుట్‌బాల్ విజేతగా నిలిపిన జర్మన్ కోచ్ ఓటో రేహాగెల్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆట తెలిసిన చెయ్యి రాసిందని మొదటి పేజీలోనే అర్థమై సంతోషించాను. అయితే లిస్బన్‌లో గ్రీస్ పోర్చుగల్‌ను ఓడించిన 2004 యూరో ఫైనల్‌తో మొదలుపెట్టి, పుటపుటకూ ‘అద్భుతం’ అనే మాట వేసి, అప్పటికి అరవై అయిదేళ్లున్న ఆ మనిషి అంతకుముందు చేసినదంతా ఒక్క పేరాలో సర్దేశావు. నా అభ్యంతరం అక్కడే.

ఆడే రోజుల్లో రేహాగెల్ డిఫెండర్ అన్న సంగతి నీ వ్యాసంలో ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ కుండలీకరణాల్లో. అతని కథకు మూలం అదే. 1938లో బొగ్గుగనుల ఊరు ఎసెన్‌లో పుట్టి, గోడలకు రంగులు వేసే పని నేర్చుకుని, ఊరి క్లబ్బు రోట్-వైస్ ఎసెన్‌లో ఆడి, 1963 ఆగస్టు 24న జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగా పుట్టిన రోజే హెర్తా బెర్లిన్ తరఫున మైదానంలోకి దిగాడు. ఆ తర్వాత కైజర్స్‌లౌటర్న్‌కు ఆడాడు. లీగ్‌లో మొత్తం 201 మ్యాచ్‌లు. సీనియర్ జాతీయ జట్టుకు ఒక్కటీ ఆడలేదు. కాళ్లకు అడ్డంపడి, బంతి దూరంగా తన్ని, మర్నాటి పత్రికలో పేరు లేకుండా ఇంటికి వెళ్లిన ఆటగాడు. అలాంటివాడు కోచ్ అయ్యాక ఆటను ఏ వైపు నుంచి చూస్తాడో నువ్వు ఆలోచించాలి.

ఫార్వర్డ్ జీవితం రాయడం సులువు, అతను కొట్టిన గోల్స్ తేదీలతో సహా దొరుకుతాయి. డిఫెండర్ చేసిన పని, జరగకుండా పోయిన వాటిలో ఉంటుంది. జరగనిదాన్ని పాఠకుడికి కళ్లకు కట్టించడం మన వృత్తిలో చాలా కష్టమైన పని, నేను ఇన్నేళ్లుగా రాస్తూ కూడా ప్రతిసారీ తడబడతాను. ఆ లిస్బన్ ఫైనల్‌నే తీసుకో. మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఆ రాత్రి నేను 57వ నిమిషంలో గ్రీస్ ఆటగాడు బసినాస్ కార్నర్ కిక్కూ, ఖరిస్తెయాస్ తల తగిలి వలలో పడ్డ బంతీ మాత్రమే చూశాను. ఏళ్ల తర్వాత అదే మ్యాచ్‌ను పెన్సిలూ కాగితమూ పట్టుకుని చూస్తూ, పోర్చుగల్ ఆటగాడు గ్రీస్ పెనాల్టీ బాక్స్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అతని ముందు ఎవరున్నారో గుర్తు పెట్టుకున్నాను. గ్రీస్ డిఫెండర్లు కాప్సిస్, సెయితరిదిస్ తమకు అప్పగించిన మనిషిని నీడలా అంటిపెట్టుకుని తిరుగుతుంటే, పొడగరి దెల్లాస్ వాళ్ల వెనక ఒంటరిగా నిలబడి, జారిపోయిన బంతుల్ని ఏరుతున్నాడు. అప్పటికే కాలం చెల్లిందని చాలామంది వదిలేసిన పద్ధతి అది. రేహాగెల్ ఆటగాడిగా పెరిగిన రోజుల పద్ధతి కూడా అదే. నీ వ్యాసానికి కావలసిన లంకె ఇక్కడుంది, కాని దాన్ని నువ్వు పట్టుకోలేదు.

అంకెలు కూడా ఆ మాటే చెబుతాయి. గ్రూపు దశలో గ్రీస్ నాలుగు గోల్స్ ఇచ్చింది, స్పెయిన్‌తో పాయింట్లూ గోల్స్ తేడా సమానమైతే, ఎక్కువ గోల్స్ కొట్టినందువల్ల ముందుకు వెళ్లింది. ఆ తర్వాత ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్ మీద మూడూ 1-0, మూడూ తలతో కొట్టిన గోల్సే, ఇచ్చినది ఒక్కటీ లేదు. అంతకుముందు ఏ పెద్ద టోర్నమెంటులోనూ ఒక్క మ్యాచ్ గెలవని దేశం అది. ఈ వాక్యం నీ వ్యాసంలో లేదు, తప్పక చేర్చు.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసిన రోజు: 1978 ఏప్రిల్ 29. రేహాగెల్ శిక్షణలోని బొరుసియా డోర్ట్‌మండ్, మోన్‌షన్‌గ్లాడ్‌బాఖ్ చేతిలో 12-0తో ఓడింది. బుండెస్‌లీగాలో అంతకంటే పెద్ద ఓటమి ఇప్పటికీ లేదు. అతని ఉద్యోగం పోయింది, ఇంటిపేరును విరిచి ‘టోర్‌హాగెల్’, అంటే గోల్స్ వడగళ్లు, అని పత్రికలు వెక్కిరించాయి. గోల్ పడనివ్వకపోవడమే జీవనోపాధిగా బతికిన మనిషికి ఆ మధ్యాహ్నం ఎలా గడిచి ఉంటుందో ఊహించు. అభిమానంతో ఆ పేజీ దాచేశావని నాకు తెలుసు. దాస్తే అతనికి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అక్కడి నుంచి లేచి నిలబడ్డ తీరు తెలియకుండా లిస్బన్ అర్థం కాదు.

అతను కోచ్‌గా ఉన్న వెర్డర్ బ్రెమెన్‌కు కనీసం మూడు పేజీలివ్వు. 1981 నుంచి 1995 దాకా పద్నాలుగేళ్లు ఒకే క్లబ్బు: 1988, 1993లలో లీగ్, 1991, 1994లలో జర్మన్ కప్, 1992లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్. కాని వాటికంటే ముందు 1986 రాయి. ఏప్రిల్ 22న బాయెర్న్ మ్యూనిక్ మీద 88వ నిమిషంలో పెనాల్టీ దొరికింది, పడితే లీగ్ టైటిల్ వచ్చేసేది. బ్రెమెన్ ఆటగాడు మిఖాయెల్ కుత్సోప్ కొట్టిన బంతి కుడి స్తంభానికి తగిలి బయటికి పోయింది. లీగ్‌లో అతను తప్పిన పెనాల్టీ మొత్తం జీవితంలో అదొక్కటే. చివరి రోజు స్టుట్‌గార్ట్‌లో ఓడి, గోల్స్ తేడాతో టైటిల్ పోగొట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత అదే కోచ్ లీగ్ గెలిచాడు. ఆ రెండేళ్ల ఓపిక నీ కథలో వినపడాలి.

బాయెర్న్‌లో గడిచిన ఏడాది లోపు కాలాన్ని మాత్రం తొందరగా దాటెయ్యి, యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ ముంగిట 1996 ఏప్రిల్‌లో పంపేశారని చెబితే చాలు. వెంటనే రెండో డివిజన్‌కు దిగిపోయిన కైజర్స్‌లౌటర్న్‌కు రా. 1997లో పైకి తెచ్చాడు, కొత్త సీజన్ మొదటి మ్యాచే బాయెర్న్ మైదానంలో, 1-0తో గెలుపు. 1998లో లీగ్ టైటిల్. కింది డివిజన్ నుంచి ఎక్కిన ఏడాదే బుండెస్‌లీగా గెలిచిన జట్టు మరొకటి లేదు.

గ్రీస్‌లో అతని తొలి మ్యాచ్ 2001లో ఫిన్లాండ్ చేతిలో 5-1 ఓటమి అని కూడా రాయి. అతనికి గ్రీకు రాదు, ఆటగాళ్లతో మాట్లాడేందుకు సహాయకుడు యోవానిస్ తోపాలిదిస్ దుబాసిగా నిలబడేవాడు. 2004లో గ్రీస్ ఆడిన ఆట చూడ్డానికి విసుగు పుట్టించిందని ఆనాడు చాలామంది అన్నారు, వాళ్ల మాటను తోసెయ్యకు. నాకూ కొన్ని గంటలు విసుగే అనిపించింది. విసుగు పుట్టేంతగా ఎదుటివాళ్ల దారులన్నీ మూసెయ్యడం ఎంత శ్రమో చూపించగలిగితే, పాఠకుడే తేల్చుకుంటాడు.

రెండో ప్రతిని తీరిగ్గా రాయి. మొదటి వాక్యంలో లిస్బన్ బదులు, పన్నెండు గోల్స్ పడ్డ ఆ ఏప్రిల్ మధ్యాహ్నం ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి రాసి చూసి పంపు, నేను ఎదురుచూస్తుంటాను.

శుభాకాంక్షలతో,
నీ పెద్దన్న