క్రేటోస్ చేతి కట్ల సంగతి

“ఏండ్ల సంది వస్తున్న గేమ్ సిరీస్‌ను కొత్తగా మొదలుపెట్టేటోళ్లకు వెనకటి కథంతా ఎట్ల చెప్పాలె? ముందే చెప్పకపోతే వాళ్లకు అర్థమైతదా?” అని అడిగిన్రు.

ముందే చెప్పొద్దు. ఈ మాట ఊరికె అంటలేను. మా బామ్మర్దికి ఒకసారి తప్పుగ చెప్పి, ఇంకోసారి నోరు మూసుకోని కూసోని, రెండూ చూసినంక అంటున్న. క్రేటోస్ అనే గ్రీకు యోధుని కథ చెప్పే గేమ్ సిరీస్ గాడ్ ఆఫ్ వార్ ఇంకా ఆడనోళ్లుంటే మాత్రం ఇది ఇక్కడికే ఆపి, ముందు ఆడి రండి.

మాది హనుమకొండ. నేను ఇంటర్ చదివేటప్పుడు నయీంనగర్ల ఒక గేమ్ పార్లర్ ఉండేది. నాలుగు ప్లేస్టేషన్ టూలు, ఒక కూలర్, గంటకు 20 రూపాయలు. గాడ్ ఆఫ్ వార్ నాకు అక్కడనే అంటుకుంది. మొదటిది 2005ల వచ్చింది, రెండోది 2007ల, మూడోది 2010ల ప్లేస్టేషన్ త్రీ మీద. నడుమ చేతుల పట్టుకోని ఆడే పీఎస్పీ మీద రెండు, 2013ల ఇంకోటి. ఒక్కటి ఇడిసిపెట్టకుంట అన్నీ ఆడిన. అందుకే ఆ కథంటే నాకు సొంతింటి ముచ్చట లెక్క. ఎవలన్న అడిగితే చాలు, చెప్పాలని పాణం గుంజుతది.

2023 ఎండకాలం. మా బామ్మర్ది డిగ్రీ రెండో ఏడు, ములుగు దిక్కు నుంచి వచ్చి సెలవులకు మా ఇంట్లనే ఉన్నడు. నేను అప్పుడే రాగ్నరాక్ డిస్కు తెచ్చిన. అది ఇదే సిరీస్‌ల 2022 నవంబర్ల వచ్చిన గేమ్. వాడు పెట్టె చూసి “బావా, నేను ఆడుతనే” అన్నడు. “ఆడు గాని ముందు కథ తెల్వాలె” అని కూసోబెట్టిన. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, నడుమ పేజీల గ్రీకు దేవుండ్ల వంశవృక్షం గీసిన. పైన టైటన్లు, కింద క్రోనోస్, ఆ కింద జియస్, పొసీడన్, హేడిస్. పక్కకు ఏరీస్, ఎథీనా. ఎవలు ఎవలకు కొడుకు, ఎవలు ఎవలను ఎందుకు చంపిన్రు, బాణం గుర్తులేసి చూపెట్టిన. నలభై ఐదు నిమిషాలు చెప్పిన. నేనైతే మంచిగనే చెప్పిన అనుకున్న. వాడు తల ఊపుతనే ఉన్నడు. జియస్ దాక వచ్చేసరికి లేచి “బావా, పాలు తేవాల్నంట, అక్క చెప్పింది” అని చెప్పులేసుకోని పోయిండు. వచ్చినంక ఫోన్ పట్టుకోని మంచంల ఒరిగిండు. ఆ రాత్రి గేమ్ సంగతే ఎత్తలే.

తెల్లారి మా ఆవిడ ఒక మాట అన్నది, అది నాకు ఇప్పటికీ మతిల ఉన్నది. “పెండ్లయిన కొత్తల మీ ఇంటికొస్తే, మీ పెద్దనాయన ఒక్కొక్కలను నిలబెట్టి ఈయన గిట్ల చుట్టం, ఆమె గట్ల చుట్టం అని అరవై మందిని చెప్పిండు. నాకు ఒక్క పేరు గుర్తున్నదా? ఆకలైతుందా బిడ్డా అని అడిగి పెరుగన్నం పెట్టిన మీ చిన్నమ్మ ఒక్కతే గుర్తున్నది. మిగతా చుట్టాలందరిని ఆమెను పట్టుకోనే తెలుసుకున్న. ఆమె చెల్లె ఎవలు, ఆమె ఆడిబిడ్డ ఎవలు అని. వాన్ని ఆడనియ్యరాదు!”

నేను ఎన్ని గేమ్‌లు ఆడినా నాకు తట్టని సంగతి అది. మనసుకు దగ్గరైన మనిషి ఒకడు దొరికితే వాని వెనక చుట్టరికమంతా తెలుసుకోవాలని మనకే ఉంటది. ముందుగాల చుట్టరికం చెప్తే వచ్చేది ఆవులింతనే.

రాగ్నరాక్ పక్కకు పెట్టి, వానికి 2018ల వచ్చిన గాడ్ ఆఫ్ వార్ పెట్టి ఇచ్చిన. అసలు ఆ గేమ్ కొత్తోళ్ల కోసమే కట్టినట్టు ఉంటది. గ్రీసు ఇడిసిపెట్టి ఉత్తరాన మంచు దేశానికి వచ్చేసిండు క్రేటోస్. గడ్డం పెరిగింది, ఒక కొడుకున్నడు. భార్య చనిపోయింది, చితికి కట్టెలు కావాలె. గొడ్డలి పట్టుకోని చెట్టు ముంగట నిలబడ్డడు. ఆ చెట్టు మీద బంగారు రంగు చెయ్యి గుర్తు ఒకటి ఉంటది. దాని మీద తన చెయ్యి పెట్టి, కొంచెంసేపు ఆగి, అప్పుడు నరుకుతడు. గేమ్ మొదలయ్యేదే అట్ల. దేవుండ్లుండే ఒలింపస్ లేదు, జియస్ లేడు. పెండ్లాం పోయినాయన ఒకడు, ఆయన కట్టెలు. ఇంతే.

మా బామ్మర్ది మొదటి ప్రశ్న ఏమడిగిండో తెలుసా? “బావా, ఈయన బూడిద పూసుకున్నడేంది? జంగమాయన లెక్క.”

క్రేటోస్ ఒళ్లంత తెల్లగ ఉంటది గదా. మనకు విభూతే మతికొస్తది మరి. నాకు జవాబు నాలుక చివరిదాక వచ్చింది. నేను నిన్న నలభై ఐదు నిమిషాలు చెప్పిన దాంట్ల అది కూడా ఉండె, వాని చెవులకు ఎక్కలే. ఇప్పుడు వాడే అడుగుతుండు. “ఆడు” అన్న, ఇంకేం చెప్పలే. రెండో ప్రశ్న, క్రేటోస్ ఇంట్ల కూసోని ముంజేతులకు గుడ్డ పట్టీలు చుట్టుకునేటప్పుడు వచ్చింది. “ఆ కట్లేంది? దెబ్బ తాకిందా?” ఈసారి కూడా చెప్పలే. నిజంగ చెప్తున్న, అట్ల చెప్పకుంట ఉండుడు నాకు ఎంత కష్టమైందో.

నాలుగు రోజులు ఆడిండు. కొడుకు అట్రియస్‌కు తండ్రి సంగతి ఏం తెల్వదు, ఆడేటోనికి ఏం తెల్వదు. పోరడు అడుగుతుంటడు, తండ్రి చెప్పడు. పడవల పోయేటప్పుడు కథ చెప్పుమంటే, తాబేలు కుందేలు కథను రెండు ముక్కల తెగ్గొట్టి చెప్తడు, పోరడు ఇంతేనా అంటడు. తర్వాత మిమిర్ అనే తెలివిమంతుని తలకాయ నడుముకు కట్టుకోని తిరుగుతరు. వాడు కథలు మస్తు చెప్తడు, కాని పడవ మీద ఉన్నప్పుడే. ఒడ్డుకు చేరినమా, కథ ఆగుతది. మళ్ల పడవెక్కినంక ఆపిన కాడి నుంచి అందుకుంటడు. పని నడిచేటప్పుడు ముచ్చట చెప్పరు, ఖాళీ దొరికితే చెప్తరు. వ్యవసాయం చేసేటోళ్ల ఇండ్లల్ల కథలు గట్లనే నడుస్తయి.

ఇక్కడ ఒక మాట. ఐనవోలు మల్లన్న జాతరకు పోయినోళ్లకు ఒగ్గు కథ తెలుసు. ప్రధాన కథకుడు ఒకాయన కథ చెప్తడు, పక్కన డోలు, తాళాలు. ఆ పక్కనోళ్లల్ల ఒకడు నడుమ నడుమ అడ్డం తలుగుతడు. “ఆ బిడ్డ ఎవలకు పుట్టె? ఎందుకు అడివికి పాయె?” అని. వానికి తెల్వక కాదు. ముంగట కూసున్న మనకోసం అడుగుతడు. మా జనగామ దిక్కు చుక్క సత్తయ్య లాంటి పెద్ద కళాకారులను చూసినోళ్లకు నేను చెప్పేది ఇంకా బాగ సమజైతది. అట్రియస్ చేసే పని అచ్చంగ అదే. తెల్వనోడు ఒకడు కథ లోపలనే ఉండాలె, మన తరఫున అడగాలె. గేమ్ తీసేటోళ్లు ఎన్ని కోట్లు పెట్టినా, ఈ ఒక్క మనిషిని పెట్టకపోతే కొత్తోడు బయటనే నిలబడతడు.

విచర్ త్రీ ఇదే కొంచెం వేరేతీరుగ చేసింది. 2015 గేమ్ అది. రాజు దగ్గరికి పోయే ముందు హీరో గెరాల్ట్‌కు మంగలాయన గడ్డం గీస్తుంటడు, ఒక సేనాని పక్కన నిలబడి వెనకటి సంగతులు అడుగుతడు. మన జవాబులను బట్టి ముందటి గేమ్‌ల మనం ఏం చేసినట్టో రాసుకుంటది. గొంతు మీద కత్తి ఉండంగ ప్రశ్నలు, సీన్ మస్తుగ ఉంటది. కాని “లెథోను చంపినవా, ఇడిసిపెట్టినవా?” అంటే, 2011 నాటి రెండో గేమ్ ఆడనోనికి లెథో ఎవడు? ఏదో ఒకటి నొక్కి బయటపడుడే. పాతోళ్లకు పండుగ, కొత్తోళ్లకు పరీక్ష. గసుంటిది వద్దు.

ఇగ కింగ్‌డమ్ హార్ట్స్ అనే సిరీస్ సంగతి ఎత్తితే నాకు కోపమొస్తది. 2002ల మొదటిది ప్లేస్టేషన్ టూ మీద. దాని తర్వాతి కథ గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద. ఇంకో ముక్క డీఎస్ మీద, ఇంకోటి పీఎస్పీ మీద, మళ్లొకటి త్రీడీఎస్ మీద. వచ్చినవి వచ్చినట్టు ఆడాలంటే ఒక కథ కోసం ఐదారు మిషన్లు కొనాలె. 2019ల మూడోది రాకముందే పాతవి ఒక్కకాడికి తెచ్చిన్రు, నిజమే. కాని అప్పటిదాక వరంగల్‌ల మధ్యతరగతి పోరడు అన్ని మిషన్లు ఎక్కడి నుంచి తేవాలె? “ముందు పాతవన్నీ ఆడి రా” అని పెద్దరికం చేసే పాత అభిమానులు ఉన్నరు గదా, వాళ్లకు ఇది పట్టదు. గాడ్ ఆఫ్ వార్ 2018ది కంప్యూటర్ మీదికి వచ్చింది 2022ల, రాగ్నరాక్ 2024ల. పాత గ్రీసు గేమ్‌లు కంప్యూటర్ మీదికి రానే రాలే. ఎక్కడ ఆడి రావాలె వాడు?

ఇంకొకటి కూడ చెప్పాలె. వీటిల్ల తెలుగు అక్షరం ఒక్కటి కనపడదు. మా బామ్మర్ది పదో తరగతి దాక తెలుగు మీడియం. కింద ఇంగ్లీషు లైన్లు ఉరుకుతుంటే సగం చదివేసరికి సగం పోతది. అసుంటోనికి రెండు గంటల “పూర్తి కథ” వీడియో చూసి రమ్మనుడు న్యాయం కాదు. మొఖం, చెయ్యి, కట్టు, బూడిద, గివి వానికి ఏ భాష లేకున్నా అందుతయి.

మళ్ల మా ఇంటికి వస్త. ఐదో రోజు రాత్రి పదకొండు అయితుంది. అట్రియస్‌కు పాణం మీదికి వచ్చింది. మందు కోసం చచ్చినోళ్ల లోకం హెల్‌హైమ్‌కు పోవాలె, అక్కడ మంచు గొడ్డలి పనిచెయ్యదు. క్రేటోస్ ఒక్కడే పడవెక్కి తుఫాన్ల ఇంటికి మళ్లుతడు. అప్పటిదాక పడవల పోరని ముచ్చట ఆగలే. ఇప్పుడు ఒక్క మాట లేదు, గాలి తప్ప. ఇంట్ల నేల మీది చెక్క ఎత్తి, కింద దాచిన మూట తీస్తడు. గొలుసుల కత్తులు. చేతుల కట్లు ఒక్కొక్కటి ఇప్పుతడు. ముంజేతుల నిండ గొలుసు కాలిన మచ్చలు.

మా బామ్మర్ది కంట్రోలర్ మోకాళ్ల మీద పెట్టిండు. ఆడేది ఏం లేదు అప్పుడు, చూసుడే. ఎథీనా వచ్చి పక్కన నిలబడి, నువ్వు ఎప్పటికీ రాక్షసునివే అన్నట్టు మాట్లాడుతది. వాడు టీవీ దిక్కే చూసుకుంట, మెల్లగ అడిగిండు. “బావా, ఈ కత్తులతోని సొంతోళ్లనే చంపుకున్నడా?”

అప్పుడు చెప్పిన. “అవురా. పెండ్లాన్ని, బిడ్డను. ఏరీస్ అనే దేవుడు మాయజేసి చంపించిండు. నువ్వు మొదటిరోజు అడిగినవ్ గదా బూడిదేందని. అది వాళ్లదే. శాపం పెడితే ఒంటికి అతుక్కపోయింది.” వాడు శానాసేపు మాట్లాడలే. నోట్‌బుక్‌ల నలభై ఐదు నిమిషాలల్ల పోనిది, నాలుగు ముక్కలల్ల పోయింది. మా ఆవిడ దర్వాజ కాడ నిలబడి ఉన్నది, ఆమె కూడ వింటున్నది.

ఈ గేమ్‌కు దర్శకుడు కోరీ బార్లాగ్. 2007ల రెండో గేమ్ తీసింది కూడా ఆయననే. అంటే పాత కథ ఆయనకు తెల్వనిది కాదు, చెయ్యి తిరిగినాయన. అయినా అంతసేపు ఏం చెప్పకుంట ఆపిండు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది.

అదే 2018ల ఇంకోటి జరిగింది. మేడారం జాతర ఆ ఏడు జనవరి ఆఖరుకు మొదలైంది. విజయవాడ దోస్తు ఒకాయనను తీసుకపోయిన. దారిల నేనేం చెప్పలే. గద్దెల కాడ ఒక పెద్దామె తూకంల కూసోని “నిలువెత్తు బంగారం మొక్కిన” అంటే ఆయన బిత్తరపోయిండు. అంత బంగారం ఎక్కడిదని. బెల్లాన్నే ఇక్కడ బంగారం అంటరని చెప్పిన. ఎందుకు అని అడిగిండు. అప్పుడు సమ్మక్క ఎవలో చెప్పిన. కరువుల కప్పం కట్టలేమంటే కాకతీయ సైన్యం వచ్చిన సంగతి, కొడుకు జంపన్న ఈ వాగులనే పాణం ఇడిసిన సంగతి, ఆమె చిలుకలగుట్ట దిక్కు పోయి మాయమైతే కుంకుమ భరిణె దొరికిన సంగతి. పొద్దున తానం చేసింది జంపన్న వాగులనే అని అప్పుడు ఆయనకు ఎరుకైంది. మళ్ల ఒక్కడే వాగు దాక నడిచిపోయి, కొంచెంసేపు నిలబడి వచ్చిండు. హనుమకొండ నుంచి పోయేటప్పుడు బస్సులనే ఇదంత చెప్పి ఉంటే వాగు కాడికి మళ్ల పోయేటోడు కాదు.

కాబట్టి మీ తమ్మునికో, దోస్తుకో ఇయ్యాలనుకుంటే 2018ది పెట్టి ఇయ్యిండ్రి, రాగ్నరాక్ దాని తర్వాత. పక్కన కూసోండ్రి. బూడిదేందని అడుగుతడు, కట్లేందని అడుగుతడు. క్రేటోస్ పడవల ఒక్కడే ఇంటికి మళ్లేదాక చెప్పకుండ్రి.