సముద్రం తర్వాత, ముందు శనివారం సంగతి చూడండి

మీరు కట్టబోయే మోడల్ రైల్వే గురించి రాశారు: ఇంగ్లండ్ తీరాన మీరు ఊహించుకున్న ఒక ఊరు, అక్కడితో ఆగిపోయే బ్రాంచ్ లైను, ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న బోర్డు, ఓఓ స్కేలు. ఇంత చెప్పి చివరికి మీరు అడిగింది సముద్రానికి రెసిన్ (పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం) పోయాలా, వార్నిష్ సరిపోతుందా అని. అలాంటి టెర్మినస్ (లైను చివరి స్టేషన్) ఒకటి నేనూ కట్టుకున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: సముద్రం గురించి టెన్షన్ మానేయండి.

ఓఓ అంటే మోడల్ రైళ్ల కొలత, అసలు దానిలో దాదాపు 76వ వంతు. అడుగున్నర వెడల్పు అసలు కొలతలో 35 మీటర్లు కూడా రాదు. అందులో ప్లాట్‌ఫాం, పక్కన లూపు (ఇంజన్ రైలు పక్క నుంచి చుట్టి రెండో కొసకి వెళ్లే లైను), గూడ్స్ సైడింగు (సరకు వ్యాగన్లు నిలబెట్టే పక్క లైను), స్టేషన్ బిల్డింగు పోగా మిగిలిన చోట్లో నీళ్లు పెడితే చూసేవాళ్లు కాలవ అనుకుంటారు. మరీ ఉండి తీరాలంటే ఆటు వేళ చూపించండి. బ్రిస్టల్ చానెల్ వైపు ఏవన్‌మౌత్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం 12 మీటర్లకు పైనే లేచి దిగుతుంది. మన స్కేల్లో అది 15 సెంటీమీటర్లు దాటిన గోడ. నీళ్లు వెనక్కి పోయాక మిగిలేది బురద, నాచు పట్టిన రాళ్లు, పక్కకి ఒరిగిన పడవ. వీటికి ప్లాస్టరూ రంగులూ చాలు, తడి మెరవాల్సిన చోట మాత్రం మెరిసే వార్నిష్ ఒక పూత వేయండి. రెసిన్ అయితే బోర్డులో సూదిమొనంత సందు దొరికినా కిందికి కారుతుంది, గోడల అంచుల వెంట పైకి పాకుతుంది. వీడియోల్లో ఈ రెండూ చూపించరు.

పనిలో పని, సీగల్స్ గురించి కూడా చెప్పేస్తాను. హెర్రింగ్ గల్ ముక్కు నుంచి తోక దాకా 60 సెంటీమీటర్లు, అంటే ఓఓలో 8 మిల్లీమీటర్లు. చాలా లేఅవుట్లలో స్టేషన్ కప్పు మీద కూర్చోబెట్టే పక్షులు ఈ లెక్కన గొర్రెపిల్లలంత ఉంటాయి. లైట్‌హౌస్ గురించి మాట్లాడను, మాట్లాడితే ఆగను.

తీరంలోని స్టేషన్‌కి ఆ రూపం తెచ్చినవి ఎండాకాలపు శనివారాలు. బ్రిటన్‌లో సెలవుల బసలు శనివారం నుంచి శనివారానికి అద్దెకిచ్చేవారు. అంటే వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ అందరూ ఒకే రోజు స్టేషన్ మీద పడతారు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ జనం ఇంకా పెరిగారు. మిగతా వారమంతా, చలికాలమంతా రెండు పెట్టెల రైలు చాలే ఊరికి, ఆ కొద్ది శనివారాల కోసం అంత పొడవు ప్లాట్‌ఫాం, క్యారేజ్ సైడింగులు (ఖాళీ బోగీలు నిలబెట్టే లైన్లు) కట్టి పెట్టుకోవాల్సి వచ్చింది. 1963లో బ్రిటిష్ రైల్వే నష్టాలు తగ్గించడానికి వచ్చిన బీచింగ్ నివేదిక తీసిన లెక్క ప్రకారం, ఏడాదికి 18 సార్లకు మించి అవసరం పడని బోగీలు 6,000. రైల్వేకి అది తలనొప్పి. మనకి మాత్రం అదే కథ. ఇంగ్లండ్ తీరపు ఊరు సెయింట్ ఐవ్స్‌లో పాత స్టేషన్ తీసేసి 1971లో పక్కకి చిన్న ప్లాట్‌ఫాం ఒకటి కట్టారు, పాత చోట కార్ పార్కు వచ్చింది. ఊరు అక్కడే ఉంది, సముద్రం అక్కడే ఉంది, స్టేషన్ మాత్రం కుంచించుకుపోయింది.

అందుకే నా ప్లాట్‌ఫాం పక్కన ఐదు పెట్టెలు ఆగుతాయి గానీ లూపులో మూడే పడతాయి. కావాలనే అలా కట్టాను. 57 అడుగుల బోగీ మన స్కేల్లో 228 మిల్లీమీటర్లు, కప్లింగులు కలుపుకుంటే 240 అనుకోండి. మూడంటే 720, ఐదంటే 1,200. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే నా ఆటంతా ఉంది. అది ఎంత ఆటో నాకు పూర్తిగా తెలిసింది మా బావగారు వచ్చిన ఆదివారం.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. బొమ్మ రైళ్లంటే చిన్నచూపు. పేపర్ చదువుకుంటూ ఓ పక్క కూర్చున్నారు. నేను ఎండాకాలపు శనివారం టైమ్‌టేబుల్ నడుపుతున్నాను. ఫిడిల్ యార్డ్ (తెర వెనక రైళ్లు దాచే చోటు) నుంచి ఐదు పెట్టెల రైలు వచ్చి డెడ్ ఎండ్ దగ్గర ఆగింది. పేపరు పక్కకి జరిగింది.

"ఇంజనెలా బయటికొస్తుందోయ్?"

"లూపు మీదుగా రావాలి బావగారూ."

"ఎలా వస్తుంది? వెనక రెండు పెట్టెలూ లైన్లు విడిపోయే పాయింటు మీదే నిలబడ్డాయి. నీ ఫౌలింగ్ మార్క్ ఎక్కడుంది అసలు?" ఫౌలింగ్ మార్క్ అంటే, దాన్ని దాటి బోగీ నిలిస్తే పక్క లైను రైలుకి అడ్డమొచ్చే హద్దు.

గూడ్స్ సైడింగులో ఉన్న చిన్న ట్యాంక్ ఇంజన్‌ని తెచ్చి వెనక తగిలిద్దాం, రేకు (పెట్టెల వరుస) మొత్తాన్ని బయటికి లాగేద్దాం అన్నాను. రేకు పోతే ముందున్న ఇంజన్ స్వేచ్ఛగా వస్తుంది కదా. ఆయన నన్ను క్లాసు ఎగ్గొట్టిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "ఐదు పెట్టెలు లాగితే హోమ్ సిగ్నల్ దాటి సింగిల్ లైన్ సెక్షన్‌లోకి పోతావు. టోకెన్ నీ చేతిలో ఉందా? అటు నుంచి ఇంకో రైలుకి లైన్ క్లియర్ ఇచ్చేసుంటే?" హోమ్ సిగ్నల్ అంటే స్టేషన్‌లోకి వచ్చే రైలుని ఆపే సిగ్నల్, టోకెన్ అంటే ఒంటి లైన్లోకి వెళ్లడానికి చేతిలో ఉండాల్సిన అనుమతి, లైన్ క్లియర్ అంటే రైలు పంపొచ్చని అవతలి స్టేషన్‌కి ఇచ్చే మాట. టైమ్‌టేబుల్ చూస్తే నిజంగానే ఇంకో రైలు రావాల్సి ఉంది.

ఇక పేపర్ పూర్తిగా కింద పెట్టేశారు. ఆయన పద్ధతి ఇదీ: చిన్న ఇంజన్ వచ్చి చివరి రెండు పెట్టెలనే పట్టుకోవాలి, హోమ్ సిగ్నల్ లోపలే లాగి, క్యారేజ్ సైడింగులోకి నెట్టాలి. అప్పుడు మిగిలిన మూడూ లూపు హద్దులో ఉంటాయి, పెద్ద ఇంజన్ చుట్టూ తిరిగి రావచ్చు. నేను కప్లింగ్ తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "ముందున్న మూడింటికీ హ్యాండ్ బ్రేక్ వేశారా?" నా బోర్డు అద్దంలా సమంగా ఉంటుంది, బోగీలు ఎక్కడికీ జారవు. ఆ మాటే అన్నాను. ఒప్పుకోలేదు.

అప్పుడాయనకి ఆర్మా ప్రమాదం గురించి చెప్పాను. 1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా నుంచి సముద్రతీరాన ఉన్న వారెన్‌పాయింట్‌కి పిల్లల్ని విహారానికి తీసుకెళ్తున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక సగం విడదీసి ముందు సగాన్ని పైకి తీసుకెళ్దామనుకున్నారు. విడదీసిన పెట్టెలు వాలులో వెనక్కి జారి, వెనకాలే వస్తున్న రైలుని గుద్దాయి. 80 మంది చనిపోయారు. బ్లాక్ పద్ధతి (లైనులో ఒక్కో భాగంలో ఒకసారి ఒకే రైలు), పాయింట్లకీ సిగ్నళ్లకీ ఇంటర్‌లాకింగ్ (ఒకదానికొకటి విరుద్ధంగా కదలకుండా ముడిపెట్టడం), ప్రయాణికుల రైళ్లకి ఆటోమేటిక్ బ్రేకులు తప్పనిసరి చేస్తూ ఆ ఏడాదే చట్టం వచ్చింది. బావగారు అంతా విని, "మరి తెలిసే బ్రేకు అడక్కుండా విప్పబోయావా?" అన్నారు. దాంతో మూడు పెట్టెలకీ బ్రేకు వేసినట్టు పైకి చెప్పి, ఆయన తలూపాకే కప్లింగ్ తీశాను. ఆ ఒక్క రైలుని తిప్పి పంపేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. గూడ్స్ సైడింగుకి ట్రాప్ పాయింట్ (అదుపు తప్పిన వ్యాగన్‌ని పట్టాలు దింపేసే పాయింటు) ఉందో లేదో కూడా వంగి చూశారు. ఉంది. పనిచేయదు, అలంకారమే, కానీ ఉంది. అది లేకపోతే ప్రయాణికుల లైన్ మీదికి వ్యాగన్ దొర్లుకుంటూ వచ్చేస్తుంది. మీ ప్లానులో తప్పకుండా గీసుకోండి.

ఇప్పుడు మీకు ఎవరో ఒకరు ఆటోకోచ్ కొనుక్కోమని సలహా ఇస్తారు. ఇంజన్ వెనక నుంచి నెడుతుంటే డ్రైవర్ ముందు పెట్టెలో కూర్చుని నడుపుతాడు, ఇంజన్ తిప్పక్కర్లేదు, లూపే అక్కర్లేదు అని. గ్రేట్ వెస్టర్న్ రైల్వే నిజంగానే అలా నడిపింది, తప్పేం లేదు. కానీ వచ్చింది, వెళ్లింది, వచ్చింది, వెళ్లింది అనుకుంటూ ఎంతసేపు చూస్తారు? ఇంకొందరు 16.5 మిల్లీమీటర్ల గేజి (పట్టాల మధ్య దూరం) తప్పు, 18.83 ఉండాలి అని పాఠం మొదలుపెడతారు. లెక్క వాళ్లదే కరెక్టు. కాకపోతే వాళ్లలో చాలామంది లేఅవుట్ల మీద నేనింకా రైలు తిరగడం చూడలేదు.

చోటు మరీ చాలకపోతే ఐల్ ఆఫ్ వైట్‌లోని బెంబ్రిడ్జ్ ఫొటోలు చూడండి. అక్కడ ప్లాట్‌ఫాం చివర పాయింట్లకి బదులు చిన్న టర్న్‌టేబుల్ పెట్టారు, ఇంజన్ దాని మీదికెక్కి పక్క లైనుకి మారిపోతుంది. మోడల్‌లో ఒక పాయింటుకే దాదాపు 20 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి ఇది మనకి పెద్ద వరం. ఊరు ఊహించుకున్నది కదా అని ఏ ఇంజన్ పడితే ఆ ఇంజన్ మాత్రం నడపొద్దు. హేలింగ్ ఐలండ్ లైన్లో కర్ర వంతెన బరువు మోయలేదు కాబట్టి 1872 నాటి నమూనా బుల్లి టెరియర్ ఇంజన్లు, 1963లో లైను మూసేదాకా అవే లాగాయి. లైమ్ రీజిస్ లైన్లో వంపులు మరీ ఇరుకు కాబట్టి 1880ల నాటి ఆడమ్స్ ట్యాంక్ ఇంజన్లు 1961 దాకా బతికాయి. మీ ఊరికీ అలాంటి వంతెనో వంపో ఒకటి ముందే రాసి పెట్టుకోండి, ఏ ఇంజన్ కొనాలో అదే చెబుతుంది.

చివరిగా, క్యారేజ్ సైడింగు కొసన పాత బోగీ ఒకటి క్యాంపింగ్ కోచ్‌గా నిలబెట్టండి. ఎల్ఎన్ఈఆర్ అనే రైల్వే కంపెనీ 1933లో మొదలుపెట్టింది, మరుసటేడే గ్రేట్ వెస్టర్న్ కూడా అందుకుంది. సర్వీసు నుంచి తీసేసిన బోగీలో మంచాలు, పొయ్యి పెట్టి, సెలవుల కుటుంబాలకి వారానికింతని అద్దెకిచ్చేవారు. మెట్ల దగ్గర ఒక నీళ్ల బకెట్, తీగ మీద రెండు తువ్వాళ్లు పెడితే సముద్రం ఎక్కడో పక్కనే ఉందని చూసేవాళ్లే అనుకుంటారు. నేను ఈమధ్యే పెట్టాను. దాంతో ఆ సైడింగులో ఇప్పుడు రెండు పెట్టెలు పట్టవు, ఒకటే పడుతుంది. వచ్చే ఆదివారం బావగారు వస్తున్నారు, ఆయనకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.