మిరపకు యూట్యూబ్‌లో చెప్పే మందులు నమ్మి కొట్టొచ్చా?

ఎంతమంది చూశారు, చెప్పేవాడి మెడలో ఏ కండువా ఉంది అన్నవి పక్కన పెట్టండి. మందు పేరు పక్కన శాతం చెప్పాడా? మోతాదు ఎకరాకా, హెక్టారుకా? కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలి? ఈ మూడూ లేని వీడియోను అక్కడితో కట్టేయండి.

ఫిప్రోనిల్ అనే పురుగుమందు గురించి "లీటరుకు రెండు" అనేసి వెళ్లిపోతారు. షాపులో అదే పేరుతో 5 శాతం ద్రవమూ (ఎస్‌సీ) ఉంటుంది, 80 శాతం గుళికలూ ఉంటాయి. రెండోది 16 రెట్లు గాఢం. లీటరుకు 2 మి.లీ. అన్నది 5 శాతం ఎస్‌సీ లెక్క. ఆ "రెండు" పట్టుకుని 80 శాతం గుళికలు రెండు గ్రాములు వేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది, కాయలో మందు అవశేషాలు మిగిలిపోతాయి.

ఇక మోతాదు. ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు జాబితా చాలావరకు హెక్టారు లెక్కే. మిరపలో తామర పురుగుకు ఫిప్రోనిల్ 5 శాతం 800 నుంచి 1000 మి.లీ., నీళ్లు 500 లీటర్లు, కోతకు ముందు 7 రోజుల విరామం. ఎకరాకు తీస్తే 320 నుంచి 400 మి.లీ. వస్తుంది. "ఎకరాకు లీటరు" అన్నవాడు జాబితాను సగమే చదివాడన్నమాట.

అసలు రోగం ఏదో అడగకుండా "ముడతకు మందు" అని మొదలుపెట్టేవాళ్లతో మరీ జాగ్రత్త. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లికి వేరే మందు కావాలి. ఈ తేడా చెప్పనివాడు చేలో దిగి చూడలేదనే నా లెక్క.

వీడియో తేదీ కూడా చూడండి. 2021లో గుంటూరు, ఖమ్మం వైపు మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో ఉంటుంది. పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి నల్ల నలుసులు పాకుతూ కనిపిస్తాయి. అంతకు ముందటి వీడియోలు చెప్పేది ఆకు మీది పాత పురుగు గురించి. అవే కొత్త బొమ్మ తగిలించుకుని మళ్లీ తిరుగుతున్నాయి.

"నాలుగు మందులు కలిపి కొట్టండి, ఒక్క దెబ్బకు పోతుంది" అనే వీడియో కింద ఫోన్ నంబరు ఉంటే అది అమ్మకం, సలహా కాదు. అనుమానముంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు తెలుగులోనే అడగొచ్చు, డబ్బులు పడవు.

షాపులో "బయో" పేరుతో అంటగట్టే సీసాల గోల వేరే ఉంది. పురుగును చంపుతుందని అమ్మేదానికి సీఐఆర్ నంబరు, అంటే కేంద్ర బోర్డు ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఉండి తీరాలి. అది లేకపోతే తిరిగి ఇచ్చేయండి. ఉంటే బ్యాచ్ నంబరు రాయించి బిల్లు తీసుకోండి. రేపు మందు పని చేయక ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఉండేది ఆ కాగితమే.